బొమ్మల కథలు – నా అభిప్రాయములు

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. పూర్వవిద్యార్థి యగువాడు క్రమశిక్షణనుగూర్చియో, కాలముయొక్క విలువనుగూర్చియో వ్రాయునని వారు తలంచి యుందురు. ఆ విషయములపై వ్రాయుటకు నాకంటె అర్హులు పెక్కుమంది కలరు. నాకు చక్కగా తెలిసిన విషయ మొక్కటియే యున్నది. అది బొమ్మల కథల పుస్తకములు. నలువదియేండ్లు దాటినను నేను వానిని మానలేదు. ఉప్పల్ నుండి కోఠికి పోవు బస్సులో వానిని చదువుకొనునపుడు మాత్రము అట్టను లోపలివైపునకు మడచి పట్టుకొందును. నా తలపైనున్న నరసిన వెండ్రుకలకును, చేతిలోని రంగుబొమ్మలకును పొత్తు కుదరదని తోటి ప్రయాణికులు నవ్వుదురేమో యని సంకోచము.

ఈ వ్యసనము నాకు మా తండ్రిగారివలన సంక్రమించినది. ఆయన పాలకుర్తి ప్రాంతమునుండి 1976లో నాచారమునకు వచ్చి, పారిశ్రామికవాడలో నొక కర్మాగారమున పనికి కుదిరెను. అయిదవ తరగతితో ఆయన చదువు ముగిసినది. జీతము వచ్చిన దినమున బియ్యము, చింతపండు, మంచినూనెలతోపాటు "చందమామ" కూడ మా యింటికి వచ్చెడిది. 1947 జూలైలో చెన్నపట్టణమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఈ పత్రికను తెలుగు, తమిళములలో ప్రారంభించిరి. పిదప అది దేశములోని అనేక భాషలలో వెలువడినది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1980లో కీర్తిశేషులగువరకు దాని రచనలను దిద్ది తీర్చిరి. అయిదవ తరగతి చదివినవానికిని అర్థమై, పండితునికిని రోత పుట్టింపని తెలుగు వ్రాయుట యెట్లో ఆ పత్రికను చూచి నేర్చుకొనవచ్చును. మా తండ్రిగారు క్రొత్త సంచికలతో తృప్తి నొందక, కోఠి బాటప్రక్కల పాత సంచికలను గూడ ఏరి తెచ్చెడివాడు. పండ్రెండు సంచికలు చేరగానే, కర్మాగారమున పారవేసిన అట్టపెట్టెల ముక్కలు రెండు తెచ్చి, గోనెసంచులు కుట్టెడి దబ్బనముతోను పురికొసతోను కుట్టి, పైన నీలిసిరాతో "చదమామ" యని వ్రాసి, దానిక్రింద సంవత్సరము వేసెడివాడు. సున్న యెప్పుడును మరచెడివాడు. నేను చెప్పినచో నవ్వి, "చదివెటోనికి తెలుస్తది తీ" యనెడివాడు.

ఇక మన పాఠశాలలో గ్రంథాలయపు చివరి బీరువాలో "అమర చిత్ర కథ" పుస్తకము లుండెడివి. ఒక పుస్తకము తీసికొనిపోవలయునన్న, అంతకుముందు తీసికొనిపోయినదాని కథను తెలుగున పది పంక్తులలో వ్రాసి యీయవలయునని ఫాదరుగారి నియమము. ఆనాటి విద్యార్థులలో ఎందఱో ఈ పది పంక్తులకు వెఱచి బీరువావైపు చూచెడివారు కారు. నేను మాత్రము వారమునకు మూడు కథలు వ్రాసెడివాడను. ఇప్పుడు నేను వ్రాయుచున్నదియు పదునొకండవ పంక్తియే యనుకొనవచ్చును.

అమర చిత్ర కథను 1967లో అనంత్ పై గారు ప్రారంభించిరి. ఢిల్లీలో దూరదర్శన్‌వారి ప్రశ్నోత్తరముల పోటీలో గ్రీకు దేవతలనుగూర్చి చక్కగా చెప్పిన బాలురు శ్రీరాముని తల్లి పేరు చెప్పలేకపోయిరనియు, అది చూచి తనకు ఈ యాలోచన కలిగినదనియు ఆయన చెప్పుచుండెడివారు. ముప్పదిరెండు పుటలలో ఒక జీవితమును ముగింపవలయును. ఆ కొలతలో తెనాలి రామకృష్ణుని వంటివాడు సుఖముగా ఇమిడిపోవును. ఏలయన అతని జీవిత మంతయు మనకు తెలిసినంతవరకు చిన్నచిన్న కథలే. కృష్ణదేవరాయలు మాత్రము ఇమడడు. యుద్ధమునకును యుద్ధమునకును నడుమ ఆయనకు కూర్చుండుటకైనను తావుండదు. ఇది యొక లోపము. ఇంకొక లోపము నన్ను చిన్ననాడే బాధించినది. ఆ పుస్తకములలో మంచివారు తెల్లగాను, దుష్టులు నల్లగాను ఉండెడివారు. కృష్ణుడు నీలవర్ణుడు గనుక తప్పించుకొనెను. నేను చామనచాయకంటె ఒక మెట్టు తక్కువవాడను. తరగతిలో నాటకము వేయునపుడెల్ల నాకు రాక్షసవేషమే వచ్చుటకు ఆ బొమ్మలు కొంత కారణమని నే నిప్పటికిని నమ్ముచున్నాను.

చందమామ బొమ్మలలో నాకీ బాధ యుండెడిది కాదు. అది సరిగా బొమ్మల కథ కాదనియు, బొమ్మలున్న కథల పత్రిక యనియు కొందఱందురు. నిజమే. అందు మాటల బుడగలు లేవు. కాని శంకర్ గారు వేసిన విక్రమార్కుని బొమ్మను చూడని తెలుగువా డెవడు? భుజముపై శవము, చేతిలో కత్తి, చెట్టుకొమ్మలు, వెనుక శ్మశానము. ఆ బొమ్మలో రాజు నడచుచుండునుగాని గమ్యము చేరడు. సంస్కృతములోని బేతాళ కథలు ఇరువదియైదే. చందమామవారు ఆ చట్రములో కొన్ని వందల క్రొత్త కథలను కూర్చి, రాజును దశాబ్దములపాటు నడిపించిరి. శంకర్ గారు 2020లో పరమపదించిరి. అంతకుముందే ఆ పత్రిక కడతేరినది. 1998లో ఒకసారి నిలిచి, మరుసటియేట మరల వెలువడి, 2007లో ముంబయి సంస్థ యొకదాని చేతికి పోయి, 2013 నాటికి అచ్చు ఆగిపోయెను.

నేను చేసిన యొక పనిని ఇచ్చట చెప్పవలసి యున్నది. 1995లో నేను ఇంటర్మీడియెట్ చదువుచుంటిని. కళాశాల మిత్రులు నలుగురు మా యింటికి వచ్చుటకు నిశ్చయించుకొనిరి. అలమారలో వరుసగానున్న ఆ అట్టపెట్టెల పుస్తకములను, వానిపై సున్నలేని ఆ పేరును చూచి వారేమందురో యని నాకు సిగ్గు కలిగెను. అదే సమయమున వీధిలో పాతకాగితములవాడు కేకవేయుచు పోవుచుండెను. తండ్రిగారు రెండవ షిఫ్టులో నుండిరి. తల్లిగారు నీళ్లకు పోయిరి. నేను వానిని పిలిచితిని. పదునెనిమిది సంవత్సరముల పుస్తకములు త్రాసులో నిలిచినవి. నాకు వచ్చిన రూపాయలు తార్నాకలో నొక సినిమాకును, అయిదుగురి టీలకును సరిపోయినవి. రాత్రి తండ్రిగారు వచ్చి, చేతులు కడుగుకొని, అలమారవైపు చూచి, "ఎవలన్న చదువుకుందుమని అడిగిన్రా?" యని మాత్రమడిగెను. ఔనంటిని. "మంచిదే" యని ఆయన అన్నమునకు కూర్చుండెను. ఆయన 2009లో మరణించెను. నేను నిజము చెప్పలేదు.

అటుపిమ్మట కొన్నియేండ్లు ఆదివారములయందు ఆబిడ్సు బాటపై పాతపుస్తకముల నడుమ తిరిగితిని. రామంతాపురము, అంబర్‌పేటల మీదుగా పోయెడి బస్సులో ప్రతివారమును పోయి, దుమ్ములో కూర్చుండి, ఒక్కొక్క కట్టను విప్పి చూచితిని. ముప్పదియొక్క విడి సంచికలు దొరకినవి. పురికొసతో కుట్టిన సంపుట మొక్కటియైనను దొరకలేదు.

ఇక ఇటీవలి పుస్తకముల సంగతి. సంపాదకులు నవీనవిషయములు కావలయునని హెచ్చరించిరి గనుక చెప్పుచున్నాను.

స్పైడర్‌మ్యాన్‌ను భారతీయునిగా మార్చి 2004లో కొందఱొక కథ కల్పించిరి. అందలి కథానాయకుడు ముంబయిలోని పవిత్ర్ ప్రభాకర్. అమెరికా కథలో పినతల్లి పేరు మే, ఇచ్చట మాయ. అచ్చటి పినతండ్రి బెన్, ఇచ్చట భీమ్. మేరీ జేన్ అను బాలిక మీరా జైన్ అయినది. ఇంతవరకు నవ్వుకొని ఊరకుండవచ్చును. కాని అమెరికా బాలునికి ప్రయోగశాలలోని సాలెపురుగు కఱచుటచేత శక్తి రాగా, మన బాలునికి ఒక యోగి వచ్చి శక్తి నొసంగునట. భారతీయుడన్న యోగియే కావలయునా? మా నాచారమునుండి నడచి పోదగిన దూరమున, హబ్సిగూడలో, కణజీవశాస్త్ర పరిశోధనాలయమగు సి.సి.యం.బి. యున్నది. దాని కనతిదూరమున ఎన్.జి.ఆర్.ఐ. యున్నది. పురుగు కఱచుటకు ఇంతకంటె మంచి తావు దేశమున మఱి యెచ్చటనున్నది? ఉప్పల్ బాలు డొకడు మెట్రో స్తంభమునుండి స్తంభమునకు దారము విసరుచు నాగోలు వఱకు పోవుట నేను కన్నులు మూసికొని చూడగలను. 2023లో ఈ పవిత్రుని కథను మరల అయిదు సంచికలుగా తెచ్చిరి. అతని బొమ్మ మునుపటికంటె చురుకుగా నున్నది. అయినను నేను రెండవమారు చదువలేదు.

ఉప్పల్‌లో మా మేనల్లుడు ఒకడు చరవాణిలో జపాను బొమ్మల కథలు చదువును. వానిని కుడినుండి ఎడమకు చదువవలయును. "వన్ పీస్" అను కథ 1997లో ఒక వారపత్రికలో మొదలై, వేయి ప్రకరణములు దాటి, ఇప్పటికిని ముగియలేదు. అందలి బాలుడు రబ్బరువలె సాగును. అరుపు లెక్కువ. పుటకు పుట అరుపులే. కాని వాడు మిత్రులను విడువడు. ప్రకరణము ముగియుచోట చదువరి ఊపిరి బిగబట్టి నిలువవలసినదే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు "తోకచుక్క" మొదలగు ధారావాహికలలో చేసినపనియు ఇదియే. మా మేనల్లునికి నేనీ మాట చెప్పగా వాడు మర్యాదకు తలయూపెను.

మన హైదరాబాదులోనే పుట్టిన ఛోటా భీమ్ పుస్తకములనుగూర్చి పెక్కు చెప్పనవసరము లేదు. లడ్డూ తిన్నచో జయించును. తినకున్న కొంత ఆలస్యముగా జయించును.

తెలుగున బొమ్మల కథలు అరుదగుటకు ఒక చిన్న కారణము కలదని నా ఊహ. మాటల బుడగలు ఆంగ్లాక్షరముల కొలతకు గీయబడును. మన లిపిలో గుడులు పైకిని, వత్తులు క్రిందికిని పోవును. అదే బుడగలో అదే మాటను కూర్చవలసివచ్చినపుడు అక్షరములు ఆవగింజలంత యగును. బాపుగారివలె చేతివ్రాతనే బొమ్మలో భాగము చేసినవారికి ఈ చిక్కు లేదు. ఆయన వ్రాత నేడు అచ్చుకు పనికివచ్చు అక్షరములుగా గూడ లభించుచున్నది. దానిని బుడగలలో వాడువారే తక్కువ.

నాకు పదేండ్ల కుమారుడు కలడు. ఆంగ్లమాధ్యమమున చదువుచున్నాడు. పాఠశాలలలో తెలుగు తప్పనిసరి యని 2018లో మన రాష్ట్రమున చట్టము వచ్చినది గనుక వానికి తెలుగున మార్కులు వచ్చుచున్నవి. తెలుగు మాత్రము రాలేదు. పుట చూపినచో రెండు పంక్తులు చదివి దాహమనును. చందమామ సంచికలు ముప్పదియొకటియు వాని యెదుట పెట్టితిని. బొమ్మలు చూచి మూసివేసెను. నాకు కలిగిన దుఃఖమును వానికి తెలియనీయలేదు. అమ్మినవాడు నేనై యుండగా, చదువనివానిపై కోపించు నధికారము నా కెక్కడిది?

గడచిన వేసవిలో వానికొఱకు అమర చిత్ర కథవారు కేంద్ర సాంస్కృతిక శాఖతో కలిసి 2022లో వెలువరించిన స్వాతంత్ర్య వీరవనితల పుస్తకమును సంపాదించితిని. నాకు దొరకినది ఆంగ్లప్రతి. అందు ఇరువదిమంది స్త్రీల కథ లున్నవి. రాణి అబ్బక్క, వేలు నాచియార్, దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదలగువారితోపాటు మన చాకలి ఐలమ్మ కూడ నున్నది. ఇది మిగుల సంతోషింపదగిన విషయము. నా చిన్ననాటి బీరువాలో రాణులు, ఋషులు, చక్రవర్తు లుండిరి. పాలకుర్తిలో కౌలుకు పట్టిన పొలము దున్నుకొన్న చాకలి స్త్రీ లేదు. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. నేను చిన్ననాడు ఆమె పేరును పుస్తకమున గాక, మా యింటి వంటగదిలోనే వింటిని.

ఒక సాయంకాలము మా వాడు ఐలమ్మ కథను బిగ్గరగా ఆంగ్లమున చదువుచుండెను. మా తల్లిగారు గుమ్మము కడ చింతపండు గింజ తీయుచు వినుచుండిరి. నేను మాటమాటకు తెలుగు చెప్పుచుంటిని. చదువుట ముగిసెను. ఒక పుస్తకమున ఇరువదిమంది జీవితములు పట్టవలయునన్న ఒక్కొక్కరికి వచ్చు పుటలు కొన్నియే కదా.

"గంతేనా?" యని మా తల్లిగారడిగిరి.

"అంతే నాయనమ్మా, తరువాత ఇంకొకరి కథ" యనెను మా వాడు.

"వడ్లు ఇంటికి చేరంగనే అయిపాయెనా? మోసినోళ్లేరి?"

చింతపండు ప్రక్కకు పెట్టి ఆమె చెప్పుట ప్రారంభించిరి. ఇది ఆమె కన్నుల చూచినది కాదు. తన తల్లివలన విన్నది. విస్నూరు దేశముఖు మనుషులు పంటను ఎత్తుకొనిపోవుటకు వచ్చినపుడు, సంఘమువారు పొలమునకు పోయి, కోసి, కొట్టి, వడ్లను బస్తాలకెత్తి, నెత్తిపై పెట్టుకొని ఐలమ్మ యింటికి చేర్చిన విధము. చీకటిలో బాట. కట్టెలు పట్టుకొని ప్రక్కల నడచినవారు. పిమ్మట ఆమె యిల్లు తగులబెట్టిన వైనము. మా వాడు చేతిలోని పుస్తకమును మూసివేసి వినుచుండెను. ఎంతమంది, ఎంత దూరము, ఎండయా, వెన్నెలయా యని అడుగుచుండెను. తెలిసినంత ఆమె చెప్పిరి. తెలియనిచో "నాకెరుక లేదు బిడ్డా" యనిరి.

మరుసటిదినము వాడొక పెద్దకాగితముపై బొమ్మ వేసికొనివచ్చెను. వరుసగా పదునేడుగురు బస్తాలు మోయుచుండిరి. ఐలమ్మ ముందు నడచుచుండెను. ఆమెను వాడు నల్లగా వేసెను, దుష్టులను కాదు. ఆమె నోటికడ బుడగ గీచి, "ఏమన్నది నాయనమ్మా? రాయాలె" యనెను.

"ఆమె మాట నాకెట్ల తెలుస్తది? లేనిది రాయొద్దు. మోసెటోని మాట రాయి."

"వాడేమంటడు?"

"బరువుగున్నయంటడు. ఇంకేమంటడు, బస్త నెత్తిమీదుంటె."

బుడగ చివరనున్న మనిషికి మార్చబడెను. ఆంగ్లాక్షరములతో వ్రాయబోగా మా తల్లిగారు ఒప్పుకొనలేదు. ఆమె చదువుకొన్నవారు కారు. "మీ నాయనమ్మ మాట మీ నాయనమ్మ భాషల రాయి" యనిరి. వాడు నాలుగు మారులు తుడిచి, నాలుక బయటపెట్టి, మిక్కిలి శ్రమచే వ్రాసెను. "బరుగున్నయి" యని వచ్చినది. "వు" పోయినది. నేను దిద్దబోయి ఊరకుంటిని.

"తాత ఉంటే దీన్ని అట్టేసి కుట్టెటోడు" అనిరి మా తల్లిగారు.

"తాత కుట్టిన పుస్తకాలేవి?" యని వాడడిగెను.

నేను కిటికీవైపు చూచితిని. ఎవరికో చదువుకొనుట కిచ్చివేసితిమని చెప్పుటకు నోరు తెఱచితిని. మా తల్లిగారు నాకంటె ముందు మాటాడిరి.

"పాతకాయితాలాయనకు పోయినయి బిడ్డా. తెల్లారి మీ తాత షిఫ్టుకు పోకుంట ఉప్పల్ల ఆ దుకాణం దేవులాడుకుంట పోయిండు. లారీ రాత్రే ఎల్లిపోయిందన్నరట. ఇంటికొచ్చి, పిలగానికి చెప్పకు, సిన్నబోతడు, అన్నడు."

ఇరువది తొమ్మిదేండ్లు ఆమె చెప్పలేదు. నేనును చెప్పలేదు. ఆయన తెలిసియే "మంచిదే" యనెనా, లేక మరునాటి యుదయమున తెలిసికొనెనా యని యడుగ నాకు ధైర్యము చాలలేదు. మా వాడు మాత్రము లారీ యెచ్చటికి పోయినదని అడిగెను. కాగితపు మిల్లునకు పోయి యుండునంటిని. ఆ కాగితమే మరల పుస్తకమై యుండవచ్చునా యని అడిగెను. ఉండవచ్చునంటిని.

అటుపిమ్మట వాడు ఇంకను రెండు పుటలు వేసెను. ఇల్లు తగులబడు పుటలో బుడగలు లేవు. ఇప్పుడు నిర్మలలోని రాంజీ గోండు కథనుగూర్చి అడుగుచున్నాడు. అదే సంవత్సరమున వచ్చిన గిరిజన నాయకుల పుస్తకమున అతని పేరు చూచినాడు. సెలవులలో నిర్మలకు తీసికొనిపోవుదునని మాట యిచ్చితిని.

పోయిన ఆదివారము ఆబిడ్సుకు పోలేదు. ఉప్పల్‌లోని కిరాణాకొట్టులో ఒక అట్టపెట్టె అడిగి తెచ్చి, దబ్బనము, పురికొస సంపాదించి, ఆ మూడు పుటలను కుట్టితిని. కుట్టు వంకరగా వచ్చినది. తండ్రిగారు దారమును రెండు మారులు త్రిప్పెడివాడని మా తల్లిగారు గుర్తుచేయగా విప్పి మరల కుట్టితిని. నీలిసిరా కలము నేను తీసికొనునంతలో, అట్టమీద పేరు తానే వ్రాయుదునని మా వాడు దానిని లాగికొనెను.